స్మార్ట్ టీవీ రిమోట్‌తో యాప్‌లలో తిరగడం ఎట్టా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇళ్లలో స్మార్ట్ టీవీ వాడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ముందుగా ఒక మాట. రిమోట్ పలకట్లేదు అనుకున్నప్పుడు తప్పు నాలుగు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు: రిమోట్‌లో, రిమోట్‌కీ టీవీకీ మధ్య దారిలో, టీవీలో, లేదా తెరిచిన యాప్‌లో. ఎక్కడుందో తేల్చుకోకుండా కొత్త రిమోట్ కొనడం, టీవీని మొత్తంగా రీసెట్ కొట్టడం, రెండూ దండగే. కింద చెప్పిన పరీక్షలన్నీ అది తేల్చుకోవడానికే.

ఫోన్‌లో అయితే వేలితో తాకితే చాలు. టీవీలో బాణాలు నొక్కతా ఉంటే ఎటో పోతోంది. ఎందుకు?

టీవీ తెర మీద ఏ క్షణంలో చూసినా ఒకే ఒక్కటి ఎంపికై ఉంటుంది. దాని చుట్టూ తెల్ల గీత ఉంటుంది, లేదా ఆ బొమ్మ మిగతావాటికన్నా కాస్త పెద్దదిగా, వెలుగ్గా కనిపిస్తుంది. బాణం నొక్కితే అక్కడి నుంచి పక్కకు జరుగుతుంది, ఓకే నొక్కితే అది తెరుచుకుంటుంది. కాబట్టి బటన్ నొక్కేముందు ఆ వెలుగు ఎక్కడుందో కళ్లతో వెతకండి. రిమోట్ వైపు చూసి నొక్కి, ఆ తర్వాత టీవీ వైపు చూసేవాళ్లే ఎక్కువగా తప్పిపోతారు.

ఎటో పోవడానికి ఇంకో కారణం ఉంది. చాలా యాప్‌లలో సినిమాలు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో వరస మీరు ఇంతకుముందు ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకుంటుంది. మూడో వరసలో ఆరో బొమ్మ దాకా వెళ్లి పైకి ఎక్కి మళ్లీ కిందికి దిగితే, మొదటి బొమ్మకు కాకుండా నేరుగా ఆరో బొమ్మకే వెళ్లొచ్చు. అది తప్పు కాదు.

మెనూ ఎక్కడుందో తెలియకపోతే ఎడమ బాణం వరసగా నొక్కండి. యూట్యూబ్‌తో పాటు చాలా యాప్‌లలో వెతకడం, సెట్టింగ్స్, ఖాతా అన్నీ ఎడమ అంచున దాక్కుని ఉంటాయి. అక్కడ లేకపోతే పై బాణం నొక్కతా తెర పైభాగానికి వెళ్లండి. నెట్‌ఫ్లిక్స్ 2025లో తెచ్చిన కొత్త తెరలో ఎడమవైపు మెనూ పైకి మారింది. నిన్నటిదాకా అలవాటైన చోట మెనూ లేదంటే రిమోట్‌ను అనుమానించక్కర్లేదు, యాప్ మారి ఉంటుంది.

వెలుగు పూర్తిగా మాయమైంది. ఏది నొక్కినా కదలడంలా.

ఏదైనా ఒక బాణం ఒక్కసారి నొక్కి రెండు సెకన్లు ఆగండి. రాకపోతే బ్యాక్ ఒకసారి. అప్పటికీ రాకపోతే హోమ్ నొక్కండి. హోమ్ పనిచేస్తే రిమోట్ బాగున్నట్టే, ఇరుక్కుపోయింది యాప్ ఒక్కటే. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్‌ను ఎంచుకుని, ఫోర్స్ స్టాప్ కొట్టి మళ్లీ తెరవండి. హోమ్ కూడా పలకకపోతే టీవీ గానీ రిమోట్ గానీ కారణం, ఆ సంగతి కింద ఉంది.

బ్యాక్, హోమ్, ఎగ్జిట్ మూడింటికీ తేడా ఏంది?

బ్యాక్ ఒక మెట్టు వెనక్కి తీసుకెళుతుంది. హోమ్ నొక్కితే యాప్ మూతపడదు, వెనకాల అలాగే ఉండి టీవీ మొదటి తెర వస్తుంది. ఎగ్జిట్ ఉన్న రిమోట్లలో అది యాప్‌ను వదిలి బయటికి వస్తుంది. ఎగ్జిట్ లేని శామ్‌సంగ్ చిన్న రిమోట్‌లో రిటర్న్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే అదే పని జరుగుతుంది. బరువైన యాప్‌లు మూడు నాలుగింటిని హోమ్‌తోనే వదిలేస్తా పోతే తక్కువ మెమరీ ఉన్న టీవీ నత్తనడక నడుస్తుంది. అందుకని చూడటం అయిపోయాక బ్యాక్ నొక్కతా, "బయటికి వెళ్లాలా" అని అడిగినప్పుడు ఓకే కొట్టి రావడం మంచి అలవాటు.

ఓకే బటన్‌ను నొక్కి పట్టుకుంటే వేరే మెనూ వస్తుందంటారు, నిజమేనా?

నిజమే, చాలామందికి తెలియనిది కూడా ఇదే. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల మొదటి తెరలో ఏదైనా యాప్ బొమ్మ మీద ఓకేను సుమారు 1 సెకను నొక్కి పడితే దాన్ని ముందుకు జరపడం, తీసేయడం వంటివి వస్తాయి. రోజూ చూసే యాప్‌ను మొదటి స్థానానికి తెచ్చుకుంటే ఇంట్లో అవ్వాతాతలకు ఎంతో సులువు: హోమ్, ఓకే, రెండే నొక్కుళ్లు. యూట్యూబ్‌లో వీడియో బొమ్మ మీద అలాగే పట్టుకుంటే "తర్వాత చూస్తాను", "నాకు వద్దు" లాంటివి వస్తాయి. పిల్లల కోసం ఒకసారి పెట్టిన బొమ్మల వీడియోలే రోజంతా ముందుకొస్తుంటే అక్కడే వద్దని చెప్పొచ్చు. అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీలో దీనికి వేరే బటన్ ఉంది, మూడు అడ్డగీతలది.

సినిమా మధ్యలో ముందుకు జరిపితే ఆగిపోతోంది, లేకపోతే మొదటికి వస్తోంది.

కుడి, ఎడమ బాణాలు ఒకసారి నొక్కితే ఎక్కువ యాప్‌లలో 10 సెకన్లు జరుగుతుంది. నొక్కి పట్టుకుంటే వేగం పెరుగుతుంది. తేడా ఎక్కడంటే, కొన్ని యాప్‌లు బాణం వదలగానే అక్కడి నుంచి ఆడతాయి, కొన్నింటిలో కోరిన చోటికి వచ్చాక ఓకే నొక్కాలి. నొక్కకుండా బ్యాక్ కొడితే జరిపిందంతా రద్దయి పాత చోటికే పోతుంది. చాలామందికి "మొదటికి వచ్చింది" అనిపించేది ఇదే.

రెండోది, నెట్ నెమ్మదిగా ఉంటే జరిపిన చోట చక్రం తిరుగుతుంది. ఆ చక్రం తిరిగేటప్పుడు మళ్లీ బాణం నొక్కొద్దు. ప్రతి నొక్కుడుకూ అది పాత లోడింగ్ వదిలేసి కొత్తగా మొదలుపెడుతుంది.

ప్రకటన వచ్చేటప్పుడు బాణాలు జరపవు. స్కిప్ అని కనిపించాక అది వెలుగుతోందో లేదో చూసి ఓకే కొట్టాలి. వెలుగు పక్కనున్న ప్రకటన లింకు మీద ఉండగా ఓకే కొడితే ఆ ప్రకటన తెరుచుకుంటుంది.

సినిమా తమిళంలో మొదలవుతోంది. తెలుగులోకి మార్చేదెట్లా?

సినిమా ఆడుతుండగా ఓకే గానీ పై బాణం, కింది బాణం గానీ నొక్కితే అడుగున ఒక పట్టీ వస్తుంది. అందులో మాటల బుడగ గుర్తో, "ఆడియో అండ్ సబ్‌టైటిల్స్" అన్న మాటో ఉంటుంది. దాని మీదికి వెళ్లి ఓకే కొట్టి తెలుగు ఎంచుకోండి. పట్టీ నాలుగైదు సెకన్లలో మాయమవుతుంది కాబట్టి వెంట వెంటనే నొక్కాలి. ప్రైమ్ వీడియోలో పై బాణం నొక్కితే నటీనటుల వివరాలు కూడా వస్తాయి, అవి చూసి కంగారు పడొద్దు, బ్యాక్ నొక్కితే పోతాయి. కొన్ని యాప్‌లలో ఒక్కో భాషకు సినిమా విడిగా ఉంటుంది. జాబితాలో తెలుగు కనబడకపోతే బయటికి వచ్చి సినిమా పేజీలోనే భాష మార్చుకోవాలి.

మెయిలూ పాస్‌వర్డూ ఒక్కో అక్షరం బాణాలతో కొట్టలేక చస్తున్నాం. వేరే దారి లేదా?

మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా మంచిది, టీవీలో అక్షరాలు అసలు కొట్టకపోవడం. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి లాగిన్ అప్పుడు తెర మీద ఒక కోడ్ గానీ చతురస్రాకారపు క్యూఆర్ గుర్తు గానీ చూపిస్తాయి. ఫోన్ కెమెరాతో ఆ గుర్తును స్కాన్ చేసి, ఫోన్‌లో ముందే లాగినై ఉన్న ఖాతాతో ఒప్పుకుంటే టీవీ దానంతట అదే తెరుచుకుంటుంది. కోడ్‌కు కాలపరిమితి ఉంటుంది. చెల్లలేదంటే వెనక్కి వెళ్లి కొత్తది తెప్పించుకోండి.

రెండో దారి ఫోన్‌నే కీబోర్డుగా వాడటం. ఆండ్రాయిడ్, గూగుల్ టీవీలకు గూగుల్ టీవీ యాప్, ఫైర్ టీవీకి అమెజాన్ ఫైర్ టీవీ యాప్, శామ్‌సంగ్‌కు స్మార్ట్‌థింగ్స్, ఎల్‌జీకి థింక్యూ. ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలి. మొదటిసారి టీవీ మీద వచ్చే అంకెలు ఫోన్‌లో కొట్టి జత చేయాలి. ఫోన్‌లో టీవీ కనబడకపోతే, ఫోన్ మొబైల్ డేటా మీద ఉందేమో, లేక రౌటర్‌లోని గెస్ట్ వైఫైలో, అంటే ఇంటికొచ్చే చుట్టాలకు విడిగా పెట్టేదాంట్లో, ఉందేమో చూసుకోండి. గెస్ట్ వైఫైలో ఉన్నవి సాధారణంగా ఒకదాన్నొకటి చూడలేవు.

మూడోది, టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలో కంప్యూటర్ కీబోర్డు గుచ్చడం. ఆండ్రాయిడ్ టీవీలన్నిటిలో దాదాపుగా పనిచేస్తుంది.

మైకు బటన్ నొక్కి తెలుగులో చెబితే అర్థం చేసుకుంటుందా?

టీవీ భాష ఏది పెట్టారో దాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లీషు పెట్టి ఉంటే మీరు చెప్పిన తెలుగు సినిమా పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వెతుకుతుంది. ఎక్కువ సినిమాల పేర్లు యాప్‌లలో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి చాలాసార్లు దొరుకుతుంది. పొడవాటి వాక్యం చెప్పొద్దు. సినిమా పేరు, హీరో పేరు చాలు.

మాట తప్పుగా పడటానికి ఎక్కువసార్లు యాసను తప్పుబడతారు గానీ కారణం వేలే. చాలా రిమోట్లలో మైకు బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడాలి, మాట అయ్యాకే వదలాలి. కొన్నింటిలో ఒకసారి నొక్కి వదిలితే చాలు. బటన్ నొక్కిన వెంటనే కాకుండా తెర మీద గుర్తు వచ్చాక మొదలుపెట్టండి, లేకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది. మైకు రంధ్రం రిమోట్ పైకొసన గుండుసూది మొనంత ఉంటుంది. కవర్ వేసిన రిమోట్లలో ఆ రంధ్రం మూసుకుపోయి ఉంటుంది.

పవర్ బటన్ పనిచేస్తోంది, మిగతావి పలకట్లేదు. లేదా అన్నీ పనిచేస్తాయి గానీ మైకు ఒక్కటే రాదు.

ఈ రెండు గుర్తులూ ఎక్కువసార్లు ఒక్క జబ్బువే: రిమోట్‌కీ టీవీకీ బ్లూటూత్ జత తెగిపోయింది. మాట వినే రిమోట్లలో రెండు దారులుంటాయి. ఒకటి పాత పద్ధతి ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనబడని వెలుగు. రెండోది బ్లూటూత్. పవర్ సాధారణంగా వెలుగు దారిలో పోతుంది, మైకు ఎప్పుడూ బ్లూటూత్ దారిలోనే పోతుంది. బాణాలు ఒక్కో కంపెనీలో ఒక్కో దారి.

మళ్లీ జత చేయాలంటే టీవీ ఆన్ చేసి, రిమోట్‌ను టీవీకి ఒక అడుగు దూరంలోకి తెచ్చి ఇలా చేయండి.

ఫైర్ టీవీ: హోమ్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టండి.

శామ్‌సంగ్ స్మార్ట్ రిమోట్: రిటర్న్, ప్లే/పాజ్ రెండూ కలిపి 3 సెకన్లకు పైగా.

ఎల్‌జీ మ్యాజిక్ రిమోట్: టీవీ వైపు పట్టి మధ్య చక్రాన్ని ఒకసారి నొక్కండి. కాకపోతే హోమ్, బ్యాక్ రెండూ కలిపి 5 సెకన్లు పట్టి, మళ్లీ చక్రం నొక్కండి.

ఆండ్రాయిడ్, గూగుల్ టీవీలు: మైకు బటన్ ఒకసారి నొక్కితే ఏ రెండు బటన్లు కలిపి పట్టుకోవాలో చాలా టీవీలు తెర మీద బొమ్మతో చూపిస్తాయి. చూపించకపోతే సెట్టింగ్స్‌లో "రిమోట్స్ అండ్ యాక్సెసరీస్" తెరవండి. పాత జాబితాలో రిమోట్ పేరుంటే ముందు దాన్ని మరిచిపొమ్మని చెప్పి, తర్వాత కొత్తగా చేర్చండి.

జత కుదిరి మళ్లీ మళ్లీ తెగుతుంటే సెల్లులు చూడండి, ఆ తర్వాత రౌటర్ ఎక్కడుందో చూడండి. బ్లూటూత్, మామూలు వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే నడుస్తాయి. ఫైబర్ పెట్టెను టీవీ వెనకే గోడకు కొట్టించిన ఇళ్లలో రిమోట్ తడబడటానికి అదో కారణం. 1 మీటరు పక్కకు జరిపితే తేడా కనిపిస్తుంది. ఫైర్ స్టిక్ (టీవీ వెనక గుచ్చే ఫైర్ టీవీ పుల్ల) అయితే దాంతో ఇచ్చిన పొట్టి హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెట్టి టీవీ రేకు వెనక నుంచి కొంచెం బయటికి తేవాలి.

రిమోట్ వెలుగు పంపుతోందో లేదో ఇంట్లోనే చూడొచ్చా?

ఫోన్ ముందు కెమెరా తెరిచి, రిమోట్ కొసన ఉన్న చిన్న గుండ్రటి బల్బును కెమెరాకు చూపిస్తూ పవర్ బటన్ నొక్కండి. ఫోన్ తెర మీద ఆ బల్బు ఊదారంగులోనో తెల్లగానో మినుకుమంటే రిమోట్ బాగుంది. వెనక కెమెరాతో చూస్తే కొన్ని ఫోన్లలో ఏమీ కనబడదు, ఎందుకంటే వాటిలో ఆ వెలుగును ఆపే అద్దం ఉంటుంది. బాణాలు బ్లూటూత్‌తో పోయే రిమోట్లలో బాణం నొక్కితే బల్బు వెలగదు, అందుకే పవర్‌తోనే పరీక్షించాలి.

బల్బు వెలుగుతున్నా టీవీ పలకకపోతే దారిలో అడ్డం చూడండి. టీవీ కింద మధ్యలోనో కుడి మూలనో చిన్న నల్ల కన్ను ఉంటుంది. దాని ముందు సౌండ్‌బారో, దేవుడి పటమో, పూలకుండీనో ఉంటుంది. కొత్త టీవీకి అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను గీతలు పడతాయని ఏళ్లతరబడి తీయనివాళ్లు ఉన్నారు. దుమ్ము పట్టి మసకబారిన ఆ పొర కూడా అడ్డమే. పడమటి కిటికీ నుంచి సాయంత్రం ఎండ నేరుగా ఆ కన్ను మీద పడే వేళకే రిమోట్ మొరాయిస్తుంటే కర్టెన్ వేసి చూడండి.

సెల్లులు నెలకే అయిపోతున్నాయి. రిమోట్ లోపల పచ్చగా తుప్పు కూడా పట్టింది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి రిమోట్ స్ప్రింగులు తొందరగా తుప్పు పడతాయి. పొదిలి, కనిగిరి వైపు ఆ బాధ తక్కువ, దుమ్ము ఎక్కువ. తుప్పు పట్టిన చోట కరెంటు సరిగ్గా పారదు, కొత్త సెల్లులు వేసినా పాతవాటిలాగే ఉంటాయి.

ఎక్కువ రిమోట్లకు 1.5 వోల్టుల ఏఏఏ సెల్లులు రెండు కావాలి. రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే పాతది ముందు కారుతుంది. మల్టీమీటర్ ఉంటే కొలవండి, 1.2 వోల్టుల కన్నా తగ్గితే పారేయండి. సెల్లులు నీరసించినప్పుడు ముందు పోయేది మైకే, దానికి కరెంటు ఎక్కువ కావాలి. "బాణాలు బాగున్నాయి కదా, సెల్లులు బాగున్నట్టే" అనుకోవద్దు.

కారిన సెల్లు తీసేశాక శుభ్రం చేయడం సెల్లు రకాన్ని బట్టి ఉంటుంది. ఆల్కలైన్ సెల్లుల నుంచి కారేది క్షారం, దానికి దూది పుల్లతో రెండు చుక్కల వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్దాలి. చవకైన మామూలు కార్బన్ జింక్ సెల్లుల నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్నది, దానికి నీళ్లలో కలిపిన వంటసోడా. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగ్ మీద నలుపు పోకపోతే సన్న గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దండి. చేతికి అంటిన పొడిని కళ్లకు తగలనీయకుండా కడుక్కోండి. నెలల తరబడి ఊరికి పోయేవాళ్లు సెల్లులు తీసి పెట్టడం ఉత్తమం.

ఓకే బటన్ ఒక్కటే పోయింది. రిమోట్ పారేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఎక్కువగా వాడేది అదే కాబట్టి ముందు అరిగేదీ అదే. లోపల రబ్బరు పరుపు ఉంటుంది, ఒక్కో బటన్ అడుగున నల్లటి కార్బన్ బిళ్ల. నొక్కినప్పుడు ఆ బిళ్ల కింది పలక మీది గీతలను కలుపుతుంది. నూనె, చెమట, టీ చుక్క పడితే అది అంటదు.

సెల్లులు తీసి, కనబడే స్క్రూలుంటే విప్పి, పాత ఏటీఎం కార్డు అంచుతో రెండు డిప్పల మధ్య మెల్లగా తెరవండి. పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో, రబ్బరును సబ్బునీళ్లతో శుభ్రం చేసి నీడలో ఆరబెట్టండి. రోహిణి కార్తె ఎండలో పెడితే రబ్బరు వంగుతుంది. కార్బన్ బిళ్లను గట్టిగా రుద్దితే ఉన్న కార్బన్ కూడా పోతుంది. అప్పటికే అరిగిపోయి ఉంటే పాత రిమోట్ రబ్బరు నుంచి వాడని రంగు బటన్ బిళ్లను కోసి అంటించొచ్చు. అల్యూమినియం రేకు ముక్క అంటించే చిట్కా కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత ఊడి పక్క బటన్‌ను కలిపేస్తుంది. మేం దాన్ని సమర్థించం.

ఎవరూ నొక్కకుండానే మెనూ దానంతట అదే పరుగెడుతోంది.

రిమోట్ సెల్లులు తీసేయండి. ఆగితే రిమోట్‌లో ఏదో బటన్ అతుక్కుపోయింది, పైన చెప్పినట్టు శుభ్రం చేయాలి. ఆగకపోతే టీవీ అడుగునో వెనకో ఉండే బటన్ చూడండి. తేమకు అది ఇరుక్కుంటే ఇలాగే జరుగుతుంది. అదీ కాకపోతే హెచ్‌డీఎమ్‌ఐ వైర్లు ఒక్కొక్కటే పీకి చూడండి, సెటాప్ బాక్సు టీవీకి ఆజ్ఞలు పంపుతుండొచ్చు. చివరగా, సోఫా సందులో పడి ఎవరి బరువుకో నొక్కుకుంటున్న రెండో రిమోట్. నవ్వులాటగా ఉంటుంది గానీ వెతకండి.

నొక్కిన అయిదు సెకన్లకు కదులుతోంది, తర్వాత ఒక్కసారిగా పది బొమ్మలు దాటిపోతోంది.

ఇది రిమోట్ తప్పు కాదు. మీ నొక్కుళ్లు టీవీకి చేరాయి, టీవీ వాటిని వరసలో పెట్టుకుంది, ఖాళీ దొరకగానే అన్నీ ఒకేసారి చేసింది. 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ ఉన్న టీవీలలో ఇది మామూలే. ఆ 8 జీబీలో పెద్ద భాగం టీవీ సొంత సాఫ్ట్‌వేరే తీసుకుంటుంది.

వాడని యాప్‌లు తీసేయండి. వాడే యాప్‌లకు సెట్టింగ్స్, యాప్స్‌లో క్లియర్ క్యాష్ కొట్టండి. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా కొడితే లాగిన్ పోతుంది, పొరపాటున కొట్టొద్దు. తర్వాత టీవీని నిజంగా రీస్టార్ట్ చేయండి. రిమోట్ పవర్ బటన్‌తో ఆపడం రీస్టార్ట్ కాదు, నిద్రపుచ్చడమే. సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ ఉంటుంది. లేకపోతే ప్లగ్ తీసి 1 నిమిషం ఆగి పెట్టండి. ఫైర్ టీవీలో మధ్య బటన్, ప్లే/పాజ్ రెండూ కలిపి 5 సెకన్లు పట్టుకున్నా రీస్టార్ట్ అవుతుంది. వారానికి ఒకసారి ఇది చేస్తే చాలు.

కరెంటు పోయి వచ్చాక రిమోట్ పలకదు.

టీవీ మొదటి నుంచి మొదలవ్వడానికి 1 నుంచి 2 నిమిషాలు పడుతుంది. ఆ కంపెనీ గుర్తు తెర మీద ఉన్నంతసేపూ బ్లూటూత్ రిమోట్‌కు జవాబు చెప్పేవాళ్లు లోపల లేరు. ఆ తర్వాత కూడా రౌటర్, ఫైబర్ పెట్టె లేచేదాకా యాప్‌లు "నెట్ లేదు" అంటాయి. మొత్తంగా 5 నిమిషాలు ఆగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజుల్లో కరెంటు వస్తా పోతా ఉంటే ప్లగ్ తీసేసి, నిలకడగా వచ్చాక పెట్టడం మేలు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే టీవీ లేవకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ తొందరలో ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం కొట్టొద్దు. లాగిన్‌లన్నీ పోతాయి, సమస్య అలాగే ఉంటుంది.

టీవీకి ఒక రిమోట్, బాక్సుకు ఒక రిమోట్. ఒక్కదానితో నడవదా?

కొంతవరకు నడుస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎమ్‌ఐ సీఈసీ అనేదాన్ని ఆన్ చేయండి. శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. బాక్సు కూడా దాన్ని ఒప్పుకునేదైతే టీవీ రిమోట్ బాణాలతోనే బాక్సు మెనూ కదులుతుంది. ఫైర్ స్టిక్ లాంటివి బాగా ఒప్పుకుంటాయి. పాత డిష్ బాక్సులు చాలావరకు ఒప్పుకోవు. ఎర్ర, తెల్ల, పసుపు తీగలతో కలిపి ఉంటే అసలు కుదరదు, హెచ్‌డీఎమ్‌ఐ వైరే ఉండాలి.

ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇంకొకటి. బాక్సు రిమోట్‌తో టీవీ యాప్‌లో తిరగాలని చూడటం, లేదా టీవీ రిమోట్‌తో బాక్సు ఛానెల్ మార్చాలని చూడటం. తెర మీద "నో సిగ్నల్" కనిపిస్తే టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి, వెనక బాక్సు వైరు గుచ్చిన రంధ్రం పేరు, అంటే హెచ్‌డీఎమ్‌ఐ 1 లేదా 2, ఎంచుకోండి. ఆ పేరును సెట్టింగ్స్‌లో "డిష్" అనో "ఫైబర్" అనో మార్చుకునే వీలు చాలా టీవీల్లో ఉంది. పెద్దవాళ్లున్న ఇంట్లో అది చేసిపెట్టండి. రెండు రిమోట్లకు రెండు రంగుల టేపు చుట్టడం కూడా చిన్న పనే, ఎంతో ఉపయోగం.

రిమోట్ పోయింది. కొత్తది వచ్చేదాకా ఏం చేయాలి?

టీవీ ఇంటి వైఫైకి కలిసే ఉంటే పైన చెప్పిన ఫోన్ యాప్‌లు చాలు. కొన్ని షావోమీ, రెడ్‌మీ ఫోన్ల నెత్తిన ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటుంది. వాటిలోని రిమోట్ యాప్‌తో వైఫై లేకుండానే టీవీని నడపొచ్చు. ఆండ్రాయిడ్ టీవీకి యూఎస్‌బీ మౌస్ గుచ్చితే తెర మీద బాణం గుర్తు వస్తుంది, ఎడమ బటన్ ఓకే, కుడి బటన్ ఎక్కువగా బ్యాక్.

చిక్కు వచ్చేది ఫైర్ స్టిక్‌తో. రిమోట్ పోయి, అదే సమయానికి వైఫై కూడా మారిపోతే ఫోన్ యాప్‌కు స్టిక్ కనబడదు. అప్పుడు రెండు ఫోన్లు కావాలి. మొదటి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి దానికి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా కూడా ముఖ్యమే. బ్యాండు 2.4 గిగాహెర్ట్జ్ పెట్టండి. స్టిక్ తన పాత వైఫై అనుకుని దానికి కలుస్తుంది. రెండో ఫోన్‌ను కూడా అదే హాట్‌స్పాట్‌కు కలిపి, ఫైర్ టీవీ యాప్ తెరిచి, అందులోంచి స్టిక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త వైఫై ఇవ్వండి.

పెన్‌డ్రైవ్‌తో వేసిన యాప్‌లో రిమోట్ పనిచేయదు. ప్లే స్టోర్ యాప్‌లలో బాగానే ఉంది.

అది ఫోన్ కోసం చేసిన యాప్. వేలు తాకుతుందని రాసుకున్నారు గానీ బాణాలు వస్తాయని రాసుకోలేదు. రిమోట్ మార్చినా ప్రయోజనం లేదు. మౌస్ పెట్టుకోవాలి, లేదా ఆ యాప్ టీవీ రకం ఉందేమో టీవీ ప్లే స్టోర్‌లో వెతకాలి. ఊరూ పేరూ లేని చోటి నుంచి దించిన యాప్‌లను లాగిన్‌లున్న టీవీలో వేయకపోవడమే మంచిది.

టీవీ ప్రతిదీ పైకి చదువుతోంది. ఆపేదెట్లా?

చూపు సరిగ్గా లేనివారి కోసం పెట్టిన సదుపాయం పొరపాటున ఆన్ అయింది. ఫైర్ టీవీలో బ్యాక్, మూడు గీతల బటన్ కలిపి 2 సెకన్లు పట్టండి. శామ్‌సంగ్‌లో వాల్యూమ్ బటన్‌ను నొక్కి పడితే వచ్చే జాబితాలో వాయిస్ గైడ్ ఆపండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆపండి.

ఎల్‌జీ రిమోట్‌తో తెర మీద తిరిగే గుర్తు కనబడకుండా పోయింది.

బాణం బటన్ నొక్కితే అది దాక్కుంటుంది. రిమోట్‌ను కుడి ఎడమలకు రెండు మూడుసార్లు ఊపండి, వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ టీవీ కొన్నాం. నెట్‌ఫ్లిక్స్‌లో ఎవరిదో ఖాతా ఉంది, సెట్టింగ్స్ దొరకట్లేదు.

నెట్‌ఫ్లిక్స్ తెరిచి బాణాలు ఈ వరసలో నొక్కండి: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, పైకి, పైకి, పైకి, పైకి. సైన్ అవుట్ చేసే తెర వస్తుంది. మిగతా యాప్‌ల సంగతి కూడా ఉంటుంది కాబట్టి పాత టీవీ కొన్నప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం సరైన పని. రీసెట్ సరైన మందు అయ్యే సందర్భం ఇదొక్కటే అనుకోండి.

బజార్లో దొరికే డూప్లికేట్ రిమోట్ కొనొచ్చా?

బాణాలు, పవర్, సౌండు చాలనుకుంటే కొనొచ్చు. మైకు కావాలంటే మాత్రం అది బ్లూటూత్ రిమోటేనా అని అడగండి. మైకు బొమ్మ ముద్రించి ఉన్నంత మాత్రాన లోపల మైకు ఉండదు. అలాంటి ఇన్‌ఫ్రారెడ్ నకళ్లు చాలా ఉన్నాయి. అంగడికి పోయేటప్పుడు పాత రిమోట్ తీసుకుని, టీవీ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరును ఫోటో తీసుకుని వెళ్లండి. ఒకే కంపెనీలో, ఒకే సైజులో కూడా రెండేళ్ల తేడాతో రిమోట్ మారిపోతుంది. బటన్ల అమరిక ఒకేలా ఉందని నమ్మొద్దు. సరిపడకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకుని, ఇంటికొచ్చి హోమ్, బ్యాక్, ఓకే, నాలుగు బాణాలు, సౌండు, మైకు ఒక్కొక్కటీ నొక్కి చూశాకే పాతది పక్కన పడేయండి.